మూసిన గేటు ఫోటో

కడియం పక్క కాలవగట్టున గుత్తుల అబ్బులు అనే నర్సరీ రైతు ఉండేవాడు; ఎండుపుల్లకైనా చిగురు తెప్పించే చెయ్యి అతనిదే, ఎదురొచ్చిన ప్రతి మనిషినీ దొంగనుకునే బుద్ధీ అతనిదే.

ఆ బుద్ధికి మొదట్లో ఒక కారణం ఉండేది, లేదనను. ఒక ఏడు ఎవరో అతని తల్లిచెట్టు మీది అంటుకొమ్మలు కోసుకుపోయారు. దొంగ దొరకలేదు. దొరికి ఉంటే ఒక్కణ్ణి తిట్టుకుని ఊరుకునేవాడు. దొరకలేదు కనక ఆ అనుమానాన్ని ఊరందరికీ పంచాడు. నర్సరీ చుట్టూ పచ్చవల కట్టాడు. వలలో కన్నాలుంటాయని దాని మీద పెళ్ళాం పాత చీరలు కట్టాడు. గేటుకి బోర్డు రాయించి, ఫోన్ నెంబరు దగ్గరికొచ్చేసరికి ఆపెయ్యమన్నాడు.

"నెంబరు లేకపోతే ఎలాగండీ?" అన్నాడు బోర్డు రాసే ఆయన.

"నెంబరు రాస్తే ఎవడుపడితే వాడు ఫోన్ చేస్తాడు," అన్నాడు అబ్బులు.

బోర్డు రాసే ఆయన కుంచె తుడుచుకుని సంచీలో పెట్టుకున్నాడు. అంతకుముందు అతనికి అలాంటి వ్యాపారస్థుడు తగల్లేదు.

ఆ అబ్బులు మూడేళ్ళు తంటాలు పడి ఒక పొట్టి సంపెంగ అంటు తయారుచేశాడు. మోకాలెత్తు మొక్క, మట్టి నింపిన ప్లాస్టిక్ కవరులో ఉండగానే పూసేది. దాని మీద ఎంత మోజంటే, ఆ ఏడు మందారాలూ గులాబీలూ అన్నీ మానేసి మళ్ళన్నీ సంపెంగతోనే నింపేశాడు. ఇల్లు గడవడమైనా, వచ్చే ఏడు మళ్ళీ మొక్క పెట్టడమైనా ఆ సంపెంగలు అమ్ముడుపోవడం మీదే ఉంది. అదీ తొలకరిలోపు. ఎందుకంటే కవరులో మొక్క ఒకచోట ఎక్కువకాలం బుద్ధిగా కూర్చోదు. కవరు అడుగు చీల్చుకుని వేరు నేలలోకి దిగిపోతుంది. అందుకే నర్సరీల్లో ఆడకూలీలు వరసంతా ఎత్తి పక్కకి జరుపుతూ ఉంటారు. అమ్మకం ఆలస్యమైనా, జరపడం మానేసినా వేరు నేలని పట్టేస్తుంది. అప్పుడు లాగితే వేరు తెగుతుంది, మొక్క వాడిపోతుంది.

లారీల వాళ్ళు పెద్దరోడ్డు మీది నర్సరీల దగ్గరే ఆగిపోయేవారు. గట్టు దిగి లోపలికి వచ్చేవాడు లేడు.

"మనకో వెబ్‌సైట్ పెట్టించండి," అంది అతని భార్య కాసులమ్మ. "మీ మేనకోడలు హేమలత రాజమండ్రిలో అదే పని చేస్తోంది కదా. జనం ఫోన్లో చూసి అడుగుతారు."

"ఎవరడుగుతారు?"

"మొక్కలు కావలసినవాళ్ళు."

"కావలసినవాళ్ళో కాదో మనకెలా తెలుస్తుంది? ముందు ఎలా నమ్మడం?"

"నమ్మొద్దు. డబ్బుచ్చుకుని మొక్కివ్వండి. అదేం పెళ్ళిసంబంధమా?"

అబ్బులు గొణుక్కుంటూనే మేనకోడలికి కబురుపెట్టాడు. హేమలత వచ్చి తోటంతా తిరిగి, ఫోటోలు తీసి, రెండ్రోజుల్లో పేజీ తయారుచేసి చూపించింది. పైన మొక్క పేరు, కింద పూసిన సంపెంగ ఫోటో, పక్కన ధర, ఫోన్ నెంబరు, గట్టు మీదనుంచి దారి.

"చూసేవాళ్ళకి ఓపిక తక్కువ, మావయ్యా," అంది. "మీ దగ్గర ఏముందో, ఎంతో, ఎవరికి ఫోన్ చెయ్యాలో కంటికెదురుగా ఉండాలండి. వెతుక్కోమంటే వెళ్ళిపోతారు."

అబ్బులు కళ్ళు చిట్లించి చూశాడు. "ఫోటో తీసెయ్."

"అదేంటండీ!"

"పక్క నర్సరీవాడు చూస్తాడు. ధర కూడా తీసెయ్, వాడు మనకంటే రూపాయి తగ్గిస్తాడు. దారి తీసెయ్, దొంగలకి మనమే దారి చెప్పినట్టుంటుంది. ఫోన్ నెంబరు అసలొద్దు."

"మరి అడగాలనుకున్నవాళ్ళు ఎలా అడగాలండి?"

"వాళ్ళ వివరాలు వాళ్ళనే రాయమను. పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోన్ నెంబరు, మొక్కలు ఎందుకో, మన దగ్గరికి ఎవరు పంపారో. అన్నీ రాస్తేనే మనదాకా రావాలి. చూసి, మంచివాళ్ళనిపిస్తే మనమే ఫోన్ చేస్తాం."

"ఇది నర్సరీ అనుకుంటారా, పోలీస్ స్టేషననుకుంటారా మావయ్యా?"

"ఏమనుకున్నా పరవాలేదు. జాగ్రత్త ముఖ్యం."

"పోనీ ఏదో ఒక ఫోటో ఉండాలండి. బోసిగా ఉంటుంది."

అబ్బులు ఆలోచించాడు. "గేటు ఫోటో పెట్టు."

"తీసిన గేటా?"

"మూసిందే."

లోపలినుంచి కాసులమ్మ నవ్వు వినిపించింది. అది సంతోషం నవ్వు కాదు.

పేజీ పైన 'పొట్టి సంపెంగ అంట్లు, కడియం' అన్న ముక్క కూడా తీసెయ్యమన్నాడు అబ్బులు. హేమలత సంచీ భుజాన వేసుకుంది. "అది తీస్తే నేను బస్సెక్కేస్తానండి," అంది. ఆ ఒక్క ముక్కా అలా మిగిలింది.

నెల తిరిగింది. ఒక్క ఎంక్వైరీ రాలేదు. బుద్ధున్నవాడైతే మూసిన గేటు వంక చూసుకునేవాడు. అబ్బులు మేనకోడలి వంక చూశాడు. 'నా కోసం వచ్చే వాళ్ళని ఈ పిల్ల ఇంకెవరికో పంపేస్తోందేమో' అనుకున్నాడు. అనుకున్నదానికి సాక్ష్యం అక్కర్లేదు కదా, అనుమానానికి అదే హాయి.

సరిగ్గా అప్పుడు మొదటి ఎంక్వైరీ వచ్చింది. పేరు వంశీధర్. తండ్రి పేరు ఉంది, ఊరు ఉంది, గళ్ళన్నీ నిండి ఉన్నాయి. 'మిమ్మల్ని ఎవరు పంపారు' అన్నచోట 'మీ వెనక జరుగుతున్నది తెలిసినవాణ్ణి' అని ఉంది.

ఇక్కడో సంగతి గమనించండి. నిజంగా మొక్కలు కావలసినవాళ్ళు తండ్రి పేరు దగ్గరే విసుక్కుని వెళ్ళిపోయారు. ఓపిగ్గా గళ్ళన్నీ నింపినవాడు మోసగాడొక్కడే. నిజం రాయనక్కర్లేనివాడికి ఎన్ని గళ్ళు పెడితే ఏమిటి అడ్డు?

అబ్బులు వెంటనే ఫోన్ చేశాడు.

"సార్, నేను ఆన్‌లైన్ వ్యాపారం పెంచే పని చేస్తాను," అన్నాడు వంశీధర్, గొంతు తగ్గించి. "మీ పేజీకి రోజూ బోలెడుమంది వస్తున్నారు. మీదాకా చేరట్లేదు. మధ్యలో ఎవరో మళ్ళిస్తున్నారు. పేజీ తాళాలు మీవాళ్ళ దగ్గరే ఉన్నాయా?"

"మేనకోడలి దగ్గర ఉన్నాయి."

"అదే సార్. నేను చెప్పకూడదు. అయినా మీలాంటి తెలివైనవాళ్ళకి చెప్పక్కర్లేదు."

అబ్బులుకి ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళకి తనని అర్థం చేసుకున్న మనిషి! ఈ వంశీధర్ ఎవరు, ఎక్కడుంటాడు, ఇంతకుముందు ఎవరికి చేశాడు? ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అందర్నీ తండ్రి పేరు అడిగినవాడు అతని మొహమైనా చూపించమనలేదు.

మర్నాడు హేమలతని పిలిపించి గుమ్మంలోనే నిలబెట్టాడు. "పాస్‌వర్డు రాసిచ్చెయ్, అమ్మాయ్. నా ఎంక్వైరీలు ఎవరికి పంపుతున్నావో నాకు తెలిసిపోయింది."

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. చిన్నప్పుడు అతని భుజమెక్కి మామిడికాయలు కోసిన పిల్ల. కాగితం మీద రాసిచ్చింది. "మావయ్యా, మీ ఇంటిముందు మూసిన గేటు పెట్టి, లోపలికి ఎవరూ రాలేదంటే తప్పు నాదెలా అవుతుందండీ?" అంది. కాఫీ తాగకుండా వెళ్ళిపోయింది.

"కన్నకూతురు లాంటి పిల్లని పట్టుకుని..." అంది కాసులమ్మ.

"నీకు లోకం తెలీదు, ఊరుకో."

"ఆయ్, మీకు బాగా తెలుసు. చీర కన్నాల్లోంచి చూశారుగా లోకాన్ని!"

వంశీధర్ చేతికి పేజీ తాళాలు అందాయి. అతనడిగిన సొమ్మూ అందింది. ఇంక చూసుకోండి, ఎంక్వైరీలు వానలా కురిశాయి. 'వెయ్యి మొక్కలు కావాలి. రేటు చెప్పండి.' 'రెండు వేలు కావాలి. రేటు చెప్పండి.' అబ్బులు ఫోను చేతిలో పట్టుకుని గట్టు మీద అటూ ఇటూ తిరిగాడు. పేజీలోనే ధర రాసి పంపితే, 'సరే, తొలకరికి లారీ పంపుతాం, మొక్కలు అట్టేపెట్టండి' అని జవాబు వచ్చేది.

కాసులమ్మ ఒకరోజు ఆ మెసేజీలన్నీ వరసగా చదివించుకుంది. విని, బుగ్గన వేలు పెట్టుకుంది.

"ఏవండీ, వీళ్ళలో ఒక్కళ్ళూ నీళ్ళ సంగతి అడగలేదేంటి?"

"పెద్ద పార్టీలు. అలాంటివి అడగరు."

"కొత్తిమీర కట్ట కొనేవాళ్ళే నలిపి వాసన చూస్తారు. వేలకి వేలు మొక్కలు కొంటూ, పూస్తుందా లేదా అని ఒక్కడూ అడగడా?"

"నీది ఎప్పుడూ అనుమానమే!" అన్నాడు అబ్బులు.

కాసులమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కొన్ని మాటలకి జవాబివ్వడం మనకే చిన్నతనం.

మరో వారానికి వంశీధర్ ఇంకో మాట ఊదాడు. లోపలి ఫోటోలు బయటికి పోతున్నాయట. కూలీల చేతుల్లో సెల్‌ఫోన్లు ఉంటాయి కదా, కాస్త చూసుకోమన్నాడు. అబ్బులు ఆ సాయంత్రమే మొక్కలు జరిపే ఆడవాళ్ళని రావద్దన్నాడు.

"మరి జరిపేదెవరండీ?" అంది కాసులమ్మ.

"లారీలు వచ్చేస్తున్నాయి. ఇంక జరపడమెందుకు?"

ఎండలు ముదిరాయి. కవర్ల కింద నేల తడిగా, చల్లగా ఉంది. వేళ్ళు తమ పని తాము చేసుకున్నాయి.

ఆ రోజుల్లోనే ఒక ఆటో గట్టు దిగి గేటు ముందు ఆగింది. యాభై దాటిన ఒకావిడ దిగింది, ముతక చీర, చేతిలో గుడ్డసంచీ. పేరు అప్పలనరసమ్మ, పార్వతీపురం వైపు మనిషి.

"ఏటి బాబూ, తోటకి చీరలు కట్టీసారు?" అంది నవ్వుతూ. "మీ పేజీ మా అమ్మాయి ఫోన్లో చూసింది. అడుగుదామని రాస్తన్నాం. తండ్రి పేరన్నచోట ఆగిపోనాం. మా నాన్న పోయి సేన్నాళ్ళయింది. సంపెంగ మొక్కకి ఆయనతో పనేటని మా అమ్మాయి ఫోను పక్కన పడీసింది. నాకు మాత్రం మనసు పీకీసింది. అందుకే కడియం దిగి, దారడిగి వచ్చీసాను."

ఆవిడ ఊళ్ళో ఆడవాళ్ళు సంఘంగా చేరి కొండవార భూముల్లో పూలతోట వెయ్యాలనుకున్నారట. అందరి తరఫునా ఆవిడ చూడ్డానికి వచ్చింది. లోపలికి రానివ్వగానే ప్రశ్నలు మొదలుపెట్టింది. ఏ మొక్క మీద అంటు కట్టారు? ఎన్నాళ్ళకి పూస్తుంది? ఎర్రనేలలో నిలుస్తుందా? నీళ్ళు తక్కువైతే ఏమౌతుంది? ఇంతకుముందు ఎవరు పట్టుకెళ్ళారు, వాళ్ళతో ఓ మాట మాట్లాడొచ్చా? మా వాళ్ళకి చూపించడానికి ఫోటో తీసుకోవచ్చా?

ఒక్కో ప్రశ్నకీ అబ్బులు మొహం బిగుసుకుపోయింది. కాసులమ్మని పక్కకి లాగాడు. "ఇన్ని అడిగేది కొనడానికి కాదే! ఎవరో పంపారు. మన గుట్టంతా పట్టుకుపోవడానికి వచ్చింది."

"కొనడానికొచ్చింది కాబట్టే అడుగుతోందండీ!"

అప్పుడే అప్పలనరసమ్మ వంగి ఒక మొక్క మొదలు ముట్టుకుంది. "బాబూ, ఒక్క కవరు ఎత్తి అడుగు సూపించండి. వేరు సూసి మాటాడుకుందాం."

"చెయ్యి తియ్యండి!" అని అరిచాడు అబ్బులు. "ఫోటోలూ వేళ్ళూ ఏమీ చూపించం. ముందు మిమ్మల్ని ఎవరు పంపారో చెప్పండి."

ఆవిడ మెల్లగా లేచి నిలబడింది. చెయ్యి దులుపుకుంది. "ఆకలి పంపింది బాబూ. మా ఊరి ఆడోళ్ళందరి ఆకలీని. వేరు సూపించని మొక్క ఎలాటిదో, నాకు తెలీదు. మనసు సూపించని మనిషి ఎలాటోడో ఇప్పుడు తెలిసింది." ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

అబ్బులు గేటు గడియ వేసి, "చూశావా, ఎలా పట్టేశానో!" అన్నాడు.

మృగశిర కార్తె వచ్చింది. మొదటి వాన పడింది. లారీలు వస్తాయని అబ్బులు తెల్లబట్టలు కట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. పొద్దెక్కింది. పొద్దు వాలింది. కాలవలో పడవ పోయింది గాని గట్టు మీద లారీ రాలేదు. ఎంక్వైరీ పెట్టిన నెంబర్లకి వరసగా ఫోన్ చేశాడు. ఒకటి పనిచెయ్యదు, ఇంకొకటి లేనేలేదు. చివరికి ఒకటి మోగింది.

"సంపెంగ మొక్కలు రెండు వేలు అడిగారు కదండీ?"

"సంపెంగలా? మాది కోళ్ళఫారం సామీ! మేం అడిగితే మొక్కజొన్న అడుగుతాం గాని మొక్కలెందుకు?"

వంశీధర్‌కి చేశాడు. ఆ ఫోను మళ్ళీ ఎప్పుడూ మోగలేదు. పేరు అబద్ధమో, ఊరు అబద్ధమో. తండ్రి పేరు మాత్రం చాలా నీటుగా రాసి ఉంది.

అబ్బులు పరుగున మళ్ళలోకి వెళ్ళి ఒక కవరు పట్టుకుని ఎత్తాడు. రాలేదు. గట్టిగా లాగాడు. పాత గుడ్డ చింపినట్టు చప్పుడైంది. తెగిన వేరు చేతిలోకి వచ్చింది. పక్కది లాగాడు, అదీ అంతే. పూసిన సంపెంగలు కమ్మగా వాసన వేస్తూనే ఉన్నాయి. ఆ వాసనలో అతను బురదలో చతికిలబడ్డాడు.

కాసులమ్మ వచ్చి పక్కన నిలబడింది. తిట్టడానికి ఆవిడ దగ్గర బోలెడు మాటలున్నాయి. ఒక్కటే వాడింది.

"లోకమంతా దొంగలన్నారు. 'అవునండీ' అన్న దొంగని మాత్రం ఇంట్లో పెట్టుకున్నారు."

మర్నాడు అబ్బులు రాజమండ్రి వెళ్ళాడు. హేమలత గుమ్మంలోనే నిలబెట్టింది. అతను తనని నిలబెట్టినట్టే.

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు.

"తప్పని నన్ను పంపేసినప్పుడే తెలిసిందా, మొక్కలు పోయాక తెలిసిందా?"

"పోయాకే తెలిసింది."

ఆ నిజానికి ఆ పిల్ల కాస్త మెత్తబడింది. "వస్తాను. కాని ఈసారి పేజీలో నేను ఏది పెడితే అది ఉంటుంది, మావయ్యా. ముందు గేటు తియ్యండి."

వచ్చాక ముందు పేజీ పాస్‌వర్డు మార్చి, తర్వాత ఫోటోలు తీసింది. పూలవే కాదు, తెగిన వేళ్ళవి కూడా తీసింది. "అదెందుకమ్మా?" అన్నాడు అబ్బులు. " చూస్తే ఒక్కడైనా కొంటాడా?"

"ఉన్నది ఉన్నట్టు రాస్తానండి. జరపకుండా వదిలేసిన మా తప్పువల్ల వేళ్ళు నేలలోకి పోయాయి, వేరు కోసి నీడలో పెట్టి తేరుకోనిస్తున్నాం, బతికినవే అమ్ముతాం, వచ్చి కవరు ఎత్తి చూసుకోండి అని. మీ నెంబరు అన్నింటికంటే పైన ఉంటుంది. తండ్రి పేరు ఎవర్నీ అడగం."

అబ్బులు పెదవి దాకా వచ్చిన మాటని మింగేశాడు. బహుశా జీవితంలో మొదటిసారి.

పిలిచి బతిమాలితే ఆడకూలీలు మళ్ళీ వచ్చారు. అందరూ కలిసి వేళ్ళు కత్తిరించి, మొక్కల్ని కొత్త కవర్లలోకి మార్చి, నీడపందిట్లో పెట్టారు. సగానికి పైగా వాడి చచ్చిపోయాయి. మూడేళ్ళ కష్టం పొయ్యిలోకి పుల్లలైంది. కథ కదా అని వాటిని బతికించడం నావల్ల కాదు. మిగిలినవి మెల్లగా చిగురు వేశాయి.

ఒకరోజు పొద్దున్నే ఫోను మోగింది. అబ్బులు ఎత్తాడు. అవతల కొత్త గొంతు కాదు.

"బాబూ, మా అమ్మాయి మీ పేజీ మళ్ళీ సూపించింది. తెగిన వేళ్ళు సూసాను. ఆ రోజు అరిసింది వాటికోసమేనేటి?"

'మళ్ళీ ఎందుకు చేసింది? ఎవరు చేయించారు?' పాతబుద్ధి మళ్ళీ తలెత్తింది. కాసులమ్మ గుమ్మంలోంచి అతని మొహమే చూస్తోంది. పచ్చవల మీది చీరలు అప్పుడే విప్పి ఆరేసింది; గట్టు మీద పోయేవాళ్ళకి మళ్ళన్నీ కనపడుతున్నాయి.

"కాదమ్మా," అన్నాడు అబ్బులు. "అప్పటికి వేళ్ళు పోయిన సంగతి నాకూ తెలీదు. మీరు చూపించమన్నప్పుడు ఎత్తి చూసి ఉంటే, రెండువైపులా బాగుపడేవాళ్ళం. ఇప్పుడు చెప్పండి, మొక్క గురించి ఏం తెలుసుకోవాలి?"

"ముందు నీళ్ళ సంగతి సెప్పు బాబూ," అంది అప్పలనరసమ్మ. "ఎర్రనేలకి ఎన్నాళ్ళకోసారి కట్టాలి?"

ఆ మాట విన్న కాసులమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఈసారిది సంతోషం నవ్వే. అబ్బులు గట్టు మీద కూర్చుని, అడిగినదానికల్లా జవాబు చెప్పుకుంటూ పోయాడు. బతికిన మొక్కల్లో చాలావరకు ఆ వానాకాలం వెళ్ళేలోపే పార్వతీపురం వైపు వెళ్ళాయి. ప్రతి కవరూ ఎత్తి, అడుగు చూపించి మరీ బండి ఎక్కించాడు.

నీతి: అడగడానికి వచ్చినవాణ్ణి దొంగలా చూస్తే కొనేవాడు గుమ్మంలోంచే తిరిగిపోతాడు, మన అనుమానానికి తల ఊపిన దొంగ ఒక్కడే లోపలికి వస్తాడు, అందుకే వ్యాపారం చేసేవాడు ముందు తన తలుపు తీయాలి, తన సరుకు చూపించాలి, అప్పుడే ఎదుటివాడి నమ్మకం అడగాలి.